దూకుటకు అదను



సాయంసమయమున మన పట్టణములలో ఏ వీథి అరుగుమీదనైనను, ఏ హాస్టలు వసారాలోనైనను, నలుగురు యువకులు గోడకు చేరగిలబడి, చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని, సెల్‌ఫోనులను అడ్డముగా పట్టుకొని, ఒకరి ముఖమొకరు చూడకయే ఎడతెగక మాటలాడుకొనుచుండుట మీరు చూచియే యుందురు. “ఒకడు నాక్! రష్ కొట్టు, రష్ కొట్టు” అని ఒకడు కేకవేయును, “ఆగరా, వెనకాల ఇంకో స్క్వాడ్ ఉంది” అని వేరొకడు వారించును. ఈ రెండు కేకలకు నడుమ గల రెండు మూడు సెకన్లలో ఆ నలుగురును తీసికొను నిర్ణయమే ఆ ఆటకు ప్రాణమని నేను నమ్ముచున్నాను. నేటి నా ప్రసంగము ఆ నిర్ణయమును గూర్చినది. అనగా బాటిల్ రాయల్ అను సమరక్రీడలో, ముఖ్యముగా పోటీలకు సిద్ధపడు జట్లకు, ఆక్రమించి ఆడు విధానము ఎప్పుడు పనికివచ్చును, ఎట్లు సాధ్యమగును, ఎచ్చట మానవలెను అన్న విషయము.

ఆట పుట్టుపూర్వోత్తరములను క్లుప్తముగా చెప్పెదను. దీని పేరు జపాను రచయిత కౌషున్ తకామి 1999లో ప్రకటించిన నవల నుండి వచ్చినది. ఆ నవలను కింజి ఫుకసాకు 2000లో చలనచిత్రముగా తీసెను. ఐర్లండు దేశీయుడైన బ్రెండన్ గ్రీన్ ఆ కల్పనను కంప్యూటరు క్రీడగా మలచి, దక్షిణ కొరియా సంస్థతో కలసి 2017లో పబ్జీ అను ఆటను లోకమున ప్రవేశపెట్టెను. మరుసటి సంవత్సరమున అది సెల్‌ఫోనులోనికి దిగి మన దేశమున ఇల్లిల్లును చేరినది. 2020 సెప్టెంబరులో భారతప్రభుత్వము దానిని నిషేధించుటయు, 2021 జూలైలో అదియే బీజీఎంఐ అను పేరుతో మన దేశమునకు ప్రత్యేకముగా వచ్చుటయు, 2022 జూలైలో యాప్ స్టోరులనుండి తొలగింపబడుటయు, 2023 మేలో తిరిగి కనిపించుటయు మీలో అనేకులకు తెలిసిన కథయే.

ఆడువారు విమానమునుండి పారాచూటులతో విశాలమైన భూభాగమున దిగుదురు. ఎరంగెల్ అను ప్రసిద్ధమైన మ్యాపు ఎనిమిది కిలోమీటర్ల పొడవును అంతే వెడల్పును గలది. దిగినవారు ఇండ్లలో తుపాకులను, కవచములను, మందులను ఏరుకొందురు. దీనినే లూట్ అందురు. కాలము గడచుకొలది సురక్షితమైన వలయము చిన్నదగుచుండును, దాని వెలుపల నిలిచినవాని ప్రాణశక్తి హరించుకొనిపోవుచుండును. సాధారణమైన ఆటలో నూర్గురు దిగుదురు. పోటీలలో నలుగురేసి గల పదునారు జట్లు, అనగా అరువది నలుగురు మాత్రమే దిగుదురు.

ఇప్పుడు విషయమునకు వచ్చెదను. ఈ ఆటను గూర్చి లోకములో స్థిరపడిన అభిప్రాయమొకటి కలదు: దాగియున్నవాడు చివరివరకు మిగులును, దూకినవాడు ముందుగా నశించును, కావున ఓర్పే విజయమునకు మూలము. ఇంటివద్ద వినోదమునకై ఆడువారి విషయమున ఇది కొంతవరకు నిజమే. కాని పోటీలలో పాయింట్లు ఇచ్చు పద్ధతిని ఒక్కసారి కాగితముమీద వ్రాసి చూచినచో ఈ అభిప్రాయము నిలువజాలదు. ఇటీవలి పోటీలలో ప్రథమస్థానమునకు 10, ద్వితీయమునకు 6, అటుపై 5, 4, 3, 2, ఏడు ఎనిమిది స్థానములకు ఒక్కొక్కటి చొప్పున పాయింట్లు కలవు. ఇవన్నియు కూడినచో 32. ఇక పడగొట్టిన ప్రతి ప్రత్యర్థికిని, అనగా ప్రతి ఫినిష్‌కును, ఒక్కొక్క పాయింటు. అరువది నలుగురిలో గెలిచిన జట్టున మిగిలినవారు తప్ప తక్కినవారందరును పడిపోవలసినదే గదా! వలయము వెలుపల చిక్కి పోవువారిని కొందరిని మినహాయించినను, ఒక్కొక్క ఆటలో ఫినిష్‌ల మూలమున లభించు పాయింట్లు అరువదికి దగ్గరగా ఉండును. కాబట్టి బల్లమీద పరచిన ధనములో ఇంచుమించు మూడింట రెండువంతులు పోరాడువానికే చెందును. దాగియున్నవానికి మిగిలినది మూడవవంతు. ఒక్క ఫినిష్ కూడ లేకుండ ప్రథమస్థానము పొందిన జట్టుకు వచ్చునది 10 పాయింట్లు. ఎనిమిది ఫినిష్‌లు చేసి ఆరవ స్థానమున వెనుదిరిగిన జట్టుకు వచ్చునదియు 10 పాయింట్లే. పూర్వము ప్రథమస్థానమునకు 15, ద్వితీయమునకు 12 ఇచ్చుచుండిన కాలమున ఓర్పుకు నేటికంటె ఎక్కువ వెల యుండెను. ఆ కాలపు అలవాటును విడువలేక నేటికిని పొదలలో కూర్చుండు జట్లను చూచినపుడు నాకు నిజముగా బాధ కలుగును. వారి నైపుణ్యములో లోపము లేదు, లెక్కలోనే లోపము.

అయితే పోరాడవలెనని తెలిసినంతమాత్రమున పోరాడుట తెలిసినట్లు కాదు. దూకుడనగా తుపాకి ధ్వని వినబడినచోటికెల్ల పరుగెత్తుట యని భావించి, ప్రతి ఆటలోను మొదటి పది నిమిషములలోనే వెనుదిరుగు జట్లు ఎన్నియో కలవు. వారికిని, నేను చెప్పదలచిన దూకుడునకును సంబంధము లేదు. నా దృష్టిలో దూకుడనునది ఒక చిన్న కాలఖండమును కనిపెట్టుట. ఆ కాలఖండము తెరచుకొనక మునుపే దానికి సమీపమున చేరియుండుట. తెరచుకొన్న క్షణమున నలుగురును ఒక్కుమ్మడిగా కదలుట. ఈ మూడింటిలో చివరిది మాత్రమే చూచువారికి కనబడును గనుక దానినే దూకుడని పేరు పెట్టినారు.

ఆ కాలఖండమెట్టిదో కొంచెము విపులముగా చెప్పనిండు, ఏలయన ఆట రహస్యమంతయు ఇందే యున్నది. ప్రాణశక్తి నశించినవాడు వెంటనే ఆటనుండి తొలగిపోడు. వాడు మోకాళ్లమీద ప్రాకుచు, తుపాకి పట్టలేక, సహచరుని కొరకు ఎదురుచూచుచుండును. దీనినే నాక్ అగుట అందురు. సహచరుడెవడైన వచ్చి సుమారు పది సెకన్లపాటు వానిప్రక్కనే కదలక కూర్చుండినచో వాడు తిరిగి లేచును, ఇది రివైవ్. ఇప్పుడు లెక్క చూడుడు. నలుగురిలో ఒకడు పడెను, ముగ్గురు మిగిలిరి. పడినవానిని లేపుటకు మరియొకడు కూర్చుండెను. వాని రెండు చేతులును బంధింపబడినవి. తుపాకి ఎత్తి నిలువగలవారు ఇద్దరే. మీరు నలుగురు. నలుగురికి నలుగురు ఎదురైన సమరము ఒక్క గుండుదెబ్బతో నలుగురికి ఇద్దరుగా మారినది. అయితే ఈ మార్పు పది సెకన్లు మాత్రమే నిలుచును. పదునొకండవ సెకనున మరల వారు నలుగురు. పడినవాడు లేచి, కట్టుకట్టుకొని, మందు త్రాగి, గోడవెనుక నిలిచి, మీకొరకు వేచియుండును. అప్పుడు మీరు చేరితిరా, మీరే అతనికి వేట.

ఇక దూరము సంగతి. ఆటలో మనుష్యుడు తుపాకి భుజమున వేసికొని పరుగెత్తినచో సెకనుకు ఆరు మీటర్లకు పైగా పోగలడు. శత్రువు ఏబది మీటర్ల దూరమున నున్నచో ఎనిమిది సెకన్లలో అతని గుమ్మమును చేరవచ్చును. రెండువందల మీటర్ల దూరమున నున్నచో ముప్పది సెకన్లకు పైగా పట్టును. అంతలో ఆ తలుపు మూసికొనిపోవును. అంతదూరమునుండి స్నైపరుతో ఒకని పడగొట్టి, ఉత్సాహము పట్టజాలక మైదానమున పరుగెత్తి, త్రోవలోనే కూలిన జట్టును మీరు ఎన్నిసారులు చూడలేదు? వారి పొరపాటు పరుగెత్తుటలో లేదు. పరుగెత్తుటకు తగిన చోట ముందుగా నిలువకపోవుటలో నున్నది. అనుభవజ్ఞులైన జట్లు తొలిగుండు పేల్చకమునుపే దూరమును తగ్గించుకొందురు. ఒకడు రాతివెనుకకు, ఒకడు కంచె మూలకు, ఒకడు బండిచాటునకు జరిగి, నాలుగవవాడు ఎత్తైన చోట నిలిచిన తరువాతనే కాల్పులు మొదలగును. తొలుతటి రెండు నిమిషములు మెల్లగా జరిగిన జట్టే చివరి పది సెకన్లలో మెరుపువలె కదలగలదు.

మరియొక చిక్కు కలదు. ఈ క్రీడను సెల్‌ఫోనులో సాధారణముగా వెనుకనుండి చూచు దృష్టితో ఆడుదురు. అనగా కెమెరా ఆటగాని వీపువెనుక, కొంచెము ఎత్తున నుండును. అందువలన గోడచాటున నిలిచినవాడు తాను కనబడకయే గోడకు ఆవల ఏమి జరుగుచున్నదో చూడగలడు. వచ్చువాడు మాత్రము వానిని చూడలేడు. నిలిచియుండువానికి ఆటయే ఇచ్చిన ఈ వరమును లెక్కింపక తలుపు త్రోసికొని లోనికి పోయినవాడు, ఎంత చక్కని గురి గలవాడైనను, తొలి అరసెకనును శత్రువునకు దానము చేసినవాడగును. దీనికి ప్రతిక్రియ గురిలో లేదు, చేతిబాంబులలో నున్నది.

ఫ్రాగ్ గ్రనేడు పిన్ను లాగిన పిదప సుమారు ఐదు సెకన్లకు ప్రేలును. లాగిన వెంటనే విసరినచో శత్రువు దాని చప్పుడు విని ప్రక్క గదిలోనికి తప్పుకొనును. చేతిలోనే రెండు మూడు సెకన్లు నిలిపి విసరినవానికి ఫలితము దక్కును. దీనిని మన పిల్లలు “కుక్ చేసి కొట్టు” అందురు. మాలటోవ్ అను నిప్పుసీసాను మెట్లమీద పగులగొట్టినచో మేడమీదివాడు క్రిందికి దిగజాలడు. అదే క్షణమున మేడ కిటికీలోనికి బాంబు వేసినచో అతనికి నిలువచోటు లేదు, పారుటకు త్రోవ లేదు. మెట్లను ముందు మూయవలెనా, కిటికీని ముందు కొట్టవలెనా అని అడిగినచో, మెట్లనే ముందు మూయవలెనని నా నిశ్చితాభిప్రాయము. శత్రువునకు పారిపోవు దారి మిగిలియుండగా వేసిన బాంబు అతనిని హెచ్చరించుటకు తప్ప ఎందుకును కొరగాదు. ఇక పొగబాంబు. దానిని చాలమంది ఆత్మరక్షణకే వాడుదురు. పడిన మిత్రునిమీద పొగ క్రమ్మించి లేపుకొందురు. కాని ఆక్రమించువానికి అంతకంటె మేలైన ఉపయోగము కలదు: తాను దాటవలసిన మైదానమును వేరొక జట్టు కంట పడనీయకుండ ప్రక్కలను పొగతో కప్పుట, శత్రువు కిటికీ ఎదుటనే పొగ వేసి అతని చూపును అరికట్టుట. లూట్ చేయునపుడు వందల కొలది గుండ్లు మూటగట్టుకొని, బాంబులు రెండో మూడో చాలునని విడిచిపెట్టువానిని జట్టునాయకుడు మందలింపవలెను.

చెవి సంగతి కూడ చెప్పవలసియున్నది. పరుగెత్తువాని అడుగుల చప్పుడు దగ్గరనున్నవానికి వినబడును. వంగి మెల్లగా నడచువాని చప్పుడు దాదాపు వినబడదు. ఈ భేదమును ఆక్రమణమునకు సాధనము చేసికొనిన జట్లు కలవు. ఇద్దరు ముందరి గుమ్మమువైపు కావలెనని చప్పుడుగా పరుగెత్తుదురు, తుపాకులు ప్రేల్చుదురు. శత్రువుల నలుగురి దృష్టియు అటు తిరుగును. మూడవవాడు వెనుక కిటికీక్రిందికి వంగి వచ్చి, వారి మాటలు సద్దుమణగక మునుపే లోన నుండును. ఇయర్‌ఫోను లేక, పాటలు వినుచు, ప్రక్కవానితో ముచ్చటలాడుచు ఈ ఆటను పోటీస్థాయిలో ఆడదలచువారికి నేను చెప్పగలిగినదేమియు లేదు.

లోన ప్రవేశించువానిని మన పిల్లలు ఎంట్రీ అని గాని అసాల్టర్ అని గాని పిలుతురు. వానికి కీర్తి ఎక్కువ. చూచువారందరును వాని పేరే చెప్పుకొందురు. కాని ఆ కీర్తిని నిలుపునది వాని వెనుకనే వచ్చు రెండవవాడు. భారతమున అభిమన్యుని కథ మనకందరకు తెలిసినదే. వ్యూహమును ఛేదించి లోనికి పోవుట తెలిసి వెలికి వచ్చుట తెలియకపోవుటయే అతని మృతికి కారణమని సాధారణముగా చెప్పుకొందుము. కాని కథను శ్రద్ధగా చదివినవారికి మరియొక కారణము స్పష్టమగును: అతని వెన్నంటి లోనికి రావలసిన భీమాదులను సైంధవుడు ద్వారముకడనే నిలిపివైచెను. ఒంటరియగుటచేతనే వెలికివచ్చు విద్య అతనికి అవసరమైనది. పాండవులు వెంటనున్నచో ఆ విద్యతో పనియే లేకపోవును. ఈ ఆటలోను అంతియే. మొదటివాడు గుమ్మము దాటిన క్షణమునకును రెండవవాడు దాటిన క్షణమునకును నడుమ ఒక్క సెకనుకంటె ఎక్కువ ఎడమున్నచో, ఆ ఎడములోనే మొదటివాడు నేలకూలును. కలసి పోయినచో శత్రువు ఎవనిమీద గురి నిలుపవలెనో ఎంచుకొనవలసివచ్చును. అతడు మొదటివానిని ఎంచుకొన్నచో రెండవవాడు వేరొక కోణమునుండి వానిని కొట్టును. ఇందువలననే ఇద్దరును ఒకే తలుపున ఒకరివెనుకనొకరు బారుతీరి పోరాదు. ఒకడు తలుపున, ఒకడు కిటికీని, వీలైనచో తొంబది డిగ్రీల తేడాతో ప్రవేశింపవలెను. నాలుగవవాడు ఎన్నడును లోనికి రాకూడదు. అతడు వెలుపల ఎత్తున నిలిచి రెండవ శత్రుజట్టు వచ్చు దారిని కాచుచుండవలెను. ఈ నాలుగవవాని పని యందు ఆడంబరము లేదు, ఫినిష్‌లు తక్కువ, వేదికమీద చప్పట్లు అంతకంటె తక్కువ. అయినను ఆక్రమించి ఆడు జట్టున అందరికంటె ఓర్పుగలవానికే ఆ పని అప్పగింపవలెను.

రెండవ శత్రుజట్టును పేర్కొంటిని గదా, దానినే థర్డ్ పార్టీ అందురు. రెండు జట్లు పోరుచుండగా ఆ తుపాకుల మ్రోత విని మూడవ జట్టు వచ్చి, అలసినవారినిరువురిని తుడిచిపెట్టుట ఈ క్రీడలో నిత్యకృత్యము. కావున పోరాటము ప్రారంభించు ప్రతివాడును తొలిగుండుతోనే ఒక గడియారమును నడిపినవాడగుచున్నాడు. నాక్ లభించిన పిదప అరనిమిషములో ఆ ఇల్లు మీ వశము కాకున్నచో, దానిని విడిచి తొలగిపోవుటయే శ్రేయస్కరము. ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము. ఇంకొక్కడే మిగిలినాడు, వానిని కూడ పడగొట్టి పోవుదమను ఆశ నలుగురిని అక్కడనే కట్టివైచును. ఆ ఆశను త్రెంచుకొనజాలని జట్టు ఎంత పరాక్రమము గలదైనను పోటీలో నిలకడగా పాయింట్లు తేజాలదని నా పరిశీలనమున తేలినది.

కౌటిల్యుడు షాడ్గుణ్యమను ఆరు రాజనీతులను వివరించుచు, తనకు ఆధిక్యమున్నవేళ దండెత్తిపోవుటను, తానుగాని శత్రువుగాని ఒకరినొకరు దెబ్బతీయజాలని వేళ కదలక నిలుచుటను వేరువేరుగా విధించెను. దండయాత్ర శౌర్యమనియు నిలుచుట పిరికితనమనియు అతడు తలచలేదు. రెండింటిని ఒకే బుద్ధి యొక్క రెండు పనులుగా చూచెను. ఈ ఆటలో దానికి తార్కాణము చూడుడు: ఎరంగెల్ మ్యాపులో దక్షిణమున సోస్నోవ్కా అను దీవి యున్నది. దానిని ప్రధానభూభాగముతో రెండు వంతెనలు కలుపుచున్నవి. వలయము ఆ దీవిమీద పడినపుడు ముందుగా దాటినవారు వంతెన చివర కాపువేసికొని, ఆలస్యముగా వచ్చు బండ్లను గుండ్లతో తూట్లుపొడుచుదురు. వంతెనమీద చాటు బహుతక్కువ. అచ్చట కాపున్నవారి మీదికి శౌర్యము చూపి దూసికొనిపోవుటకంటె అవివేకము మరియొకటి లేదు. దూకుడుగల జట్టు అచ్చట తన దూకుడును కాలములో చూపవలెను, స్థలములో కాదు: వలయము దీవిమీదికి మ్రొగ్గుచున్నదని తోచినంతనే లూట్ సగములో విడిచి బండి తీసి, కాపుదారులుగా తామే అచ్చట నిలువవలెను. ఆలస్యమైనచో పడవలో నీటిమీదుగా ఒడ్డు చేరుటయే మేలు. ఆక్రమణము అన్నివేళల తుపాకితోనే జరుగదు. ఒక్కొక్కప్పుడు అది రెండు నిమిషములు ముందుగా బయలుదేరుటలో నుండును.

వలయముతో వచ్చు మరియొక ప్రశ్నయు ఇట్టిదే. కొన్ని జట్లు వలయమధ్యమున మంచి ఇల్లు ముందుగా పట్టుకొని కూర్చుందురు. కొన్ని జట్లు వలయపు అంచున నిలిచి, వెలుపలినుండి ఆలస్యముగా వచ్చువారిని ఎదుర్కొనుచు లోనికి జరుగుదురు. ఆలస్యముగా వచ్చు ఆ కొందరు తప్ప, అంచున ఆడువారికి వెనుకనుండి శత్రుభయము లేదు. వెనుక నున్నది ప్రాణశక్తిని హరించు నీలవలయమే గదా! ఆ కొందరిని కనిపెట్టిన పిదప వారు ముందును, రెండు ప్రక్కలను చూచుకొనిన చాలును. ఆక్రమించి ఆడదలచిన జట్టుకు ఈ అంచే స్వక్షేత్రమని నేనందును. వలయమునకై పరుగెత్తివచ్చువాడు తొందరలో నుండును, ప్రాణశక్తి తరుగుచుండును, బండి శబ్దముతో తన రాకను తానే చాటుచుండును. వానిని నిలిపి కొట్టుట న్యాయమైన లాభము. విమానమునుండి దిగగానే పొచింకీవంటి ఊళ్లలోనో సైనికస్థావరముననో నలుగురితో గ్రుద్దులాటకు దిగుట మాత్రము ఇంటి ఆటకే తగును. పోటీలలో జట్లన్నియు తమతమ దిగుచోట్లను ముందే స్థిరపరచుకొనియుండును. ఆ ఏర్పాటును ఉల్లంఘించి ఒకని ఇంటిమీద పడుట చేతిలో తుపాకి లేనివేళ జూదమాడుట వంటిది.

ఇన్ని నిర్ణయములను క్షణములలో ఎవరు తీసికొందురు? జట్టునాయకుడు; పిల్లలు ఐజీఎల్ అందురు. అతని గొంతు ఒక్కటియే నిర్ణయమును పలుకవలెను, తక్కినవారు సమాచారమును మాత్రమే పలుకవలెను. “అక్కడ, అక్కడ, ఆ చెట్టు దగ్గర” అని అరచువాడు సహచరులకు ఏమియు చెప్పనివాడే. తెరపైభాగమున దిక్కులు డిగ్రీలలో కనబడుచుండును గనుక “రెండొందల పది, రాయి వెనక ఇద్దరు, ఒకడికి హెల్మెట్ పోయింది” అని చెప్పినవాడు ఒక్క ఊపిరిలో ముగ్గురికి కన్నులిచ్చినవాడగును. మన తెలుగు కుర్రవాళ్లు సహజముగా అనర్గళముగా మాటలాడుదురు. అది స్నేహములో సుగుణమేగాని ఈ ఆటలో కొంత అదుపు కావలెను. ఆట ముగిసిన తరువాత రికార్డింగును నలుగురు కలసి మరల చూచి, ఏ మాట ఆలస్యమైనదో, ఏ కేక అనవసరమో గుర్తించు జట్టు మూడు నెలలలో మారిపోవును. వ్రేళ్ల నైపుణ్యమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు: రెండు బొటనవ్రేళ్లతో ఆడువాడు కదలుచు, గురిపెట్టుచు, పేల్చుట ఒకేసారి చేయలేడు గనుక నాలుగువ్రేళ్ల పట్టును, ఫోనును వంచి గురిని సరిదిద్దు జైరో పద్ధతిని అభ్యసింపక తప్పదు, ఇవి శిక్షణమైదానమున నిత్యసాధనచే వచ్చును.

ఈ విద్య ఎంతవరకు పోయినదో చూడదలచినవారికి ఉదాహరణములకు కొదువలేదు. పబ్జీ మొబైల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్పున 2020, 2021 సంవత్సరముల బిరుదులు రెండింటిని చైనాకు చెందిన నోవా జట్టు గెలుచుకొనెను. 2023లో ఇస్తాంబులున జరిగిన అంతిమపోటీలో మంగోలియా దేశపు ఐహెచ్‌సీ జట్టు జగజ్జేత యయ్యెను. దేశజనాభా యంతయు కలిపి మన హైదరాబాదు జనసంఖ్యలో సగముకూడ లేని ఆ మంగోలియా! మన హైదరాబాదు మాటకు వచ్చినచో, 2024 జూన్ చివరి మూడు దినములలో హైటెక్స్ ప్రాంగణమున బీజీఎంఐ దేశవ్యాప్తపు పోటీల అంతిమఘట్టము జరిగినది. ఎక్స్‌స్పార్క్ జట్టు విజయము పొందినది. బహుమానముల మొత్తము రెండుకోట్ల రూపాయలు. ఆ క్రీడాంగణము మన నగరమున నిలిచినది గనుక, ఈ విద్యను చిల్లరవ్యసనమని త్రోసివేయుటకు తెలుగు పెద్దలకు ఇక వీలులేదని నా మనవి.

అయినను పెద్దల ఆందోళనము నిరాధారమని నేననజాలను. పిల్లవాడు రాత్రి రెండుగంటలవరకు మేల్కొని ఆడుట ఏ విద్యకును సాధన కాదు. బీజీఎంఐ మన దేశమున ప్రవేశించినపుడే పదునెనిమిదేండ్లు నిండనివారికి దినమునకు మూడుగంటల మితి ఏర్పరచినారు. ఆ మితిని పెద్దల ఫోనుతో దాటుటకు తోడ్పడు తలిదండ్రులు తమ బిడ్డకే కీడు చేయుచున్నారు. నిజమునకు పోటీకి సిద్ధపడువానికి సాధన మూడుగంటలకు మించనవసరము లేదు. మిగిలిన కాలము నిద్ర, చదువు, శరీరవ్యాయామము, రికార్డింగుల పరిశీలనము వీనికి కావలెను. అలసిన కన్నులు తొలి అరసెకనును ఎన్నడును పట్టుకొనలేవు. హింసను గూర్చి అడుగువారికి ఒక్క విషయము జ్ఞప్తిచేసెదను: 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటయే పతకక్రీడగా నిలిచినది, అచ్చట ఆటగాండ్రు ఒకరినొకరు కాల్చుకొనలేదు, బండ్లు నడుపుచు, త్రోవలో నిలిపిన గురిఫలకములను కొట్టుచు గమ్యము చేరుటలో పోటీపడిరి. ఆ బంగారుపతకము చైనాకు దక్కెను. గురి, వేగము, సమష్టిబుద్ధి, ఈ మూడే ఈ క్రీడకు ప్రాణములని దీనివలన తెలియుచున్నది.

తుదకు చివరి వలయమును గూర్చి. మూడు జట్లు మిగిలినవి, నిలువచోటు ఒక చిన్న పొలమంత, గడ్డి తప్ప చాటు లేదు, ఇక దాగుటకు ఎవరికిని వీలులేదు. ఎవరిమీదికి ముందు పోవలెను? బలహీనుని మీదికి అని చాలమంది అందురు; నేను దానికి ఒప్పుకొనను. బలహీనుడైన జట్టును మీరు కొట్టుచుండగా బలవంతుడు కూర్చుండి చూచుచుండును, మీ పొగ చెదరగానే మీ వీపు అతనిదగును. ఆ రెండు జట్లు ఒకదానినొకటి చూచుకొని కాల్పులు ప్రారంభించువరకు మీరు పొగలో పడుకొని, తుపాకులు నిండించుకొని, ప్రాణశక్తిని పూర్ణముగా నింపుకొని, దూరమును ముప్పది మీటర్లకు తగ్గించుకొని యుండవలెను. వారిలో నొకరు గెలుతురు. గెలిచినవారిలో ఇద్దరో ముగ్గురో మిగులుదురు, గాయములతో. వారు ప్రథమచికిత్స పెట్టె తెరచి వాడుటకు సుమారు ఆరు సెకన్లు పట్టును, అదియు ప్రాణశక్తిని నూటికి డెబ్బదియైదు వరకే నింపును. గుండ్లు తిరిగి నింపుటకు మరి రెండు మూడు సెకన్లు. చివరి ఫినిష్ గుర్తు తెరమీద కనబడిన క్షణమే మీ నాయకుడు “ఇప్పుడు” అనవలెను, నలుగురును లేవవలెను. ఆ ముప్పది మీటర్లను దాటుటకు మీకు పట్టు కాలము ఐదు సెకన్లు.